రోడ్డు పక్క ఆకుకూర మడులు: సీసం ఎటు నుంచి వస్తుంది?

ప్రశ్న: నగరం అంచున, రద్దీ రోడ్డును ఆనుకుని మాకు అరెకరం ఉంది. పాలకూర, తోటకూర, ముల్లంగి వేస్తాం. వాన పడితే రోడ్డు మీది నల్లనీరు మడుల్లోకి దిగుతుంది. ఆకుకూరల్లో సీసం ఉంటుందేమోనని కొనేవాళ్లు అడుగుతున్నారు. ఇప్పుడు పెట్రోలులో సీసం లేదు కదా, ఇంకా భయం ఉందా?

జవాబు: ఉందండీ. ఇంజన్ నాకింగ్ (లోపల ఇంధనం సరిగ్గా మండక టకటక కొట్టుకోవడం) తగ్గించడానికి 1920ల నుంచి పెట్రోలులో సీసం కలిపేవారు. 2021లో అల్జీరియా చివరిగా మానేయడంతో కార్లకు సీసం పెట్రోలు అమ్మే దేశం లేకుండా పోయింది. కానీ అన్నేళ్లూ పొగగొట్టాల నుంచి వెలువడిన సీసం నేలలోనే ఉంది. గాలిలోని సన్నటి రేణువులను వాన కిందికి దించింది. సీసం కుళ్లదు, ఆవిరైపోదు. బంకమట్టినీ సేంద్రియ పదార్థాన్నీ పట్టుకుని పైమట్టిలోనే నిలిచిపోతుంది. వాహనాలు ఆ దుమ్మునే మళ్లీ లేపుతున్నాయి. చక్రాల బ్యాలెన్సింగుకు బిగించిన సీసపు ముక్కలు ఊడి, రోడ్డు మీద నలిగి ఇంకొంత చేరుస్తాయి.

మొక్క వేరుతో పీల్చుకునే సీసం కొద్దిగానే ఉంటుంది. ఆకుకూరల్లో ఎక్కువ భాగం పైనుంచి పడే దుమ్ముతో, చినుకు దెబ్బకు ఎగిరి అంటుకునే మట్టితో వస్తుంది. వాన వెలిశాక పాలకూర అడుగాకును తిప్పి, తెల్లటి తడిగుడ్డతో తుడవండి. ముడతల్లో, కాడ మొదట్లోని గాడిలో ఎంత మట్టి దాగి ఉందో గుడ్డే చూపిస్తుంది. అదంతా సీసం కాదు గానీ, సీసం వచ్చే దారి మాత్రం అదే.

అందుకే ముందు రోడ్డు నీటిని ఆపండి. ఆ వైపు గట్టు ఎత్తు చేసి, కాలువ తీసి నీటిని పక్కకు మళ్లించండి. చాలా రోజుల ఎండ తర్వాత పడే తొలి వాన నీరు అన్నిటికన్నా మురికిది. రోడ్డు నుంచి మొదటి 30 మీటర్లలో ఆకుకూరలు, ముల్లంగి మానేసి టమాటా, వంగ లాంటి కాయ పంటలు వేయండి. కాయలోకి సీసం చేరేది చాలా తక్కువ. అంచున దట్టమైన కంచె మొక్కలు పెంచితే దుమ్ము కొంత ఆగుతుంది. ఆకుకూర మడుల్లో గడ్డి పరిస్తే మట్టి చిందదు. కోసిన ఆకును ధారగా పోసే నీటిలో బాగా కడగాలి. లోపలికి చేరిన సీసం మాత్రం కడిగినా పోదు.

మామూలు భూసార పరీక్షలో సీసం తేలదు, భార లోహాల పరీక్ష విడిగా అడగాలి. రోడ్డు అంచున, మధ్యలో, చివర పై 15 సెంటీమీటర్ల మట్టి తీసి వేర్వేరు సంచుల్లో పంపండి. మూడింటినీ కలిపేస్తే అంచున ఉన్న తేడా కనిపించదు. సహజంగా కిలో మట్టిలో 10 నుంచి 50 మిల్లీగ్రాముల దాకా సీసం ఉంటుంది. వందల్లో వస్తే అక్కడ ఆకు, దుంప పంటలు వద్దు. నేల ఆమ్లంగా ఉంటే సున్నం వేసి ఉదజని సూచికను (pH) 6.5 పైన ఉంచండి, బాగా చివికిన కంపోస్టు వేయండి. అప్పుడు సీసం వేరుకు అంతగా అందదు.

కొనేవాళ్లు అడగడం న్యాయమే. పిల్లల మెదడుకు సీసం కొద్దిపాటిదైనా చేటే. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం కిలో ఆకుకూరలో 0.3 మిల్లీగ్రాములు మించకూడదు. వీలైతే ఒక కట్ట పాలకూరనూ పరీక్షకు పంపండి. ఫలితాలు వచ్చాక, ఏ నమూనా రోడ్డుకు ఎంత దూరంలో తీశారో రాయండి. ఏ మడిలో ఏం వేయాలో అప్పుడు కచ్చితంగా చెప్పగలను.