అమెరికాలో కరువు సాయం ఒక కౌంటీ రైతులకు అంది, పక్క కౌంటీ వాళ్లకు ఎందుకు అందదు?

పశువుల మేత నష్టానికి ఇచ్చే ఎల్‌ఎఫ్‌పీ పథకాన్ని చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మన దగ్గర కరువు మండలాలు ప్రకటించినట్టే అక్కడ కౌంటీని, అంటే మన జిల్లా లాంటి ప్రాంతాన్ని లెక్కలోకి తీసుకుంటారు. కాకపోతే అధికారుల నివేదికల కోసం ఎదురుచూడక్కర్లేదు. ప్రతి గురువారం వచ్చే 'డ్రాట్ మానిటర్' మ్యాపే ఆధారం. అందులో కరువు తీవ్రత డి0 నుంచి డి4 దాకా పెరుగుతూ, ఒక్కో స్థాయికి ఒక్కో రంగుతో ఉంటుంది. మేత కాలంలో కౌంటీలో ఏ మూలైనా ఒక్కసారి డి3కి చేరితే చాలు, ఆ కౌంటీలో అర్హులైన పశుపోషకులందరికీ మూడు నెలల చెల్లింపు వస్తుంది. సరిహద్దుకు అవతల అంతే ఎండిన పచ్చిక ఉన్నా, మ్యాప్‌లో వాళ్ల కౌంటీ రంగు డి3కి మారకపోతే ఆ మూడు నెలల డబ్బు రాదు. ఇది అన్యాయమే అనిపిస్తుంది. కానీ ఎవరి చేలో ఎంత గడ్డి పోయిందో విడిగా నిరూపించే టెన్షన్ లేకపోవడం రైతుకు నిజంగా పెద్ద ఊరట.

ఒక నెల చెల్లింపు అంటే మేత ఖర్చులో 60 శాతం. రైతు దగ్గరున్న పశువులకయ్యే ఖర్చు, ఆ భూమి మేపగలిగే పశువులకయ్యే ఖర్చు, ఈ రెండింట్లో తక్కువదే లెక్క. మేత భూమి సొంతమో కౌలో అయి ఉండాలి. కౌలు రైతుకూ నేరుగా అందుతుంది, నాకు బాగా నచ్చింది ఇదే.

దరఖాస్తు మాత్రం రైతే పెట్టుకోవాలి, స్థానిక ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ ఆఫీసులో. పశువుల సంఖ్య, కౌలు కాగితాలు ముందే సిద్ధం చేసుకోవడం మంచిది.