టెక్ సందేహాలు: బావమరిది జీపీఎస్ కొనాలా?

ప్రశ్న: మాది పాలకొండ. నెలకోసారి సాలూరు ఘాట్ మీదుగా కారులో కోరాపుట్ వెళ్లొస్తుంటాం. కొండల్లో ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది తన పాత 5 అంగుళాల జీపీఎస్ పరికరాన్ని 3,000 రూపాయలకు ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: డబ్బులు చేతిలో పెట్టకముందే ఓ వారం వాడి చూస్తానని అడగండి. బావమరిదే కదా, కాదనడు.

ముందు ఆకాశం బాగా కనిపించే చోట కారు ఆపి, పావుగంట ఆన్‌లో ఉంచండి. చాన్నాళ్లు మూలన పడున్న పరికరానికి ఏ ఉపగ్రహం ఎక్కడుందో తెలీదు. ఆ జాబితా పూర్తిగా పైనుంచి అందడానికే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. మీరెక్కడున్నారో అది కనిపెట్టాక, తెర మీద తేదీ చూడండి. పాత జీపీఎస్‌లు వారాలను 1,024 దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నాకొస్తాయి. 2019 ఏప్రిల్‌లో అలా తిరిగినప్పుడు, అప్‌డేట్ లేని కొన్ని పరికరాలు దాదాపు 20 ఏళ్లు వెనక్కి పోయాయి. ఇదీ ఆ బాపతే అయి, కంపెనీ అప్‌డేట్ కూడా ఇవ్వకపోతే బేరం అక్కడితో ఆపేయండి.

తేదీ సరిగ్గా ఉంటే మ్యాప్ సంగతి చూడాలి. సాలూరు మీదుగా పోయే జాతీయ రహదారి మీద 43 అని ఉందా, 26 అని ఉందా? నంబర్లు 2010లో మారాయి. శ్రీకాకుళం పక్క నుంచి పోయే 5 కూడా అప్పుడే 16 అయింది. పాత నంబరు 43 కనిపిస్తే, ఆ తర్వాత వచ్చిన బైపాస్‌లేవీ దాని బుర్రలో లేనట్టే.

ఇక మన ఊళ్ల పేర్లు. కొత్తవలస అని కొట్టి చూడండి. ఆ పేరుతో మన వైపు ఒకటికి మించి ఊళ్లున్నాయి. మండలం పేరుతో విడివిడిగా చూపిస్తోందా, ఏదో ఒకదానికి తోలుకుపోతోందా? వీలైతే శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికీ తీసుకెళ్లండి. అక్కడ ‘ఎడమకు తిరగండి’ అంటే సరిపోదు, ఏ ఎడమో చెప్పాలి!

అసలు మాటేమిటంటే, ఫోన్‌లోని జీపీఎస్‌కీ టవర్ అక్కర్లేదు. నెట్ కావాల్సింది మ్యాప్ దించుకోవడానికే. ఇంట్లో వైఫై ఉండగానే గూగుల్ మ్యాప్స్‌లో పాలకొండ నుంచి కోరాపుట్ దాకా ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. ట్రాఫిక్ తెలీదు గానీ దారి చెబుతుంది. ఘాట్‌లో సగం ఆకాశాన్ని కొండ కప్పేస్తుంది కాబట్టి, ఫోనైనా పరికరమైనా ఒక్కోసారి బాణం గుర్తు లోయలోకి దూకినట్టు చూపిస్తుంది. కంగారు పడకండి.

విడిగా పరికరం ఉంటే కాల్స్‌కి ఫోన్ ఖాళీగా ఉంటుంది, నిజమే. ఆ ఒక్క సుఖానికి, అదీ మ్యాప్ కొత్తదైతేనే, నేనైతే 1,000 దాటను. అద్దానికి అంటించే రబ్బరు కప్పు కూడా లాగి చూడండి. ఓ మే నెల మధ్యాహ్నం రణస్థలం దాటుతుండగా నాది ఊడి గేరు మీద పడింది.