46 వేల గీత

"అమెరికాలో కిరాణా షాపుల్లో, గ్యాస్ స్టేషన్లలో చేసేవాళ్లు రిటైర్‌మెంట్‌కి డబ్బు దాచుకుంటే ట్యాక్స్ తగ్గుతుందట, నిజమేనా?" అని ఒకరు అడిగారు. నిజమే. సేవర్స్ క్రెడిట్ అంటారు. 2002 నుంచీ ఉంది. మేమొచ్చి ఇన్నేళ్లయినా 2025 దాకా ఆ మాట నా చెవిన పడలేదు.

మా అక్క స్పాన్సర్ చేస్తే గ్రీన్‌కార్డు మీద వచ్చినవాళ్లం. నాది గ్యాస్ స్టేషన్లో రాత్రి షిఫ్టు, మా ఆవిడది స్కూలు కెఫెటీరియాలో పని. మనవాళ్ల ఫంక్షన్లకి వెళ్తే నలుగురు చేరి 401కె మ్యాచ్ అనీ, బ్యాక్‌డోర్ రాత్ అనీ మాట్లాడుకుంటుంటారు. అవేవో రిటైర్‌మెంట్ ఖాతాల మాటలు, నేను పులిహోర ప్లేటు పట్టుకుని తలూపడమే. వాళ్లనీ అనలేం, ఈ క్రెడిట్ వాళ్ల జీతాలకి రాదు, ఇక వాళ్లకెందుకు తెలుస్తుంది?

కానీ డబ్బు తీసుకునేవాడికి తెలియాలిగా! ఏటా ఒకాయనకి 180 డాలర్లిచ్చి ట్యాక్స్ రిటర్న్ వేయించేవాణ్ణి. పది నిమిషాల్లో టకటకా కొట్టి పంపేసేవాడు. "రిటైర్‌మెంట్‌కి ఏమన్నా దాచుకుంటున్నారా?" అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. 2025 ఏప్రిల్లో ఆయన ఊళ్లో లేడు. వీటా అని లైబ్రరీల్లో ఉచితంగా చేస్తారు, అక్కడికి పోయాం. 12వ తారీఖు, శనివారం. గడువేమో మంగళవారం.

డెబ్బై దాటిన పెద్దావిడ, కళ్లజోడు తాడుకట్టి మెడలో వేసుకుంది. మా ఇద్దరి డబ్ల్యూ-2లూ, అంటే ఏడాది జీతం కాగితాలు, కలిపితే 46,900 వచ్చింది. కాగితం మీద పెన్సిల్‌తో గీత గీసి, పక్కన 46,000 అని రాసింది. 2024కి భార్యాభర్తల ఆదాయం ఈ గీత దాటకపోతే దాచినదాంట్లో సగం క్రెడిట్, తలా 2,000 డాలర్ల దాకా లెక్కేస్తారు. ఒక్క డాలరు దాటినా 20 శాతమే. 50,000 దాటితే 10, 76,500 దాటితే ఏమీ రాదు.

"మంగళవారంలోగా ట్రెడిషనల్ ఐఆర్‌ఏలో 2,000 వెయ్యండి. అది మీ పేరు మీద తెరుచుకునే రిటైర్‌మెంట్ ఖాతా. అందులో వేసింది ఆదాయంలోంచి తీసేస్తారు, మీరు గీత కిందికొస్తారు" అంది. 27 డాలర్లు రావాల్సిన రిఫండ్ స్క్రీన్ మీద 1,227 అయింది. 2,000లో సగం 1,000 క్రెడిట్, ఆదాయం తగ్గినందుకు పన్నులో ఇంకో 200. ఈ క్రెడిట్ కోసం ఫారం 8880 నింపి రిటర్న్ అప్పుడే పంపేసింది. డబ్బు పడాలి సుమా అని రెండుసార్లు చెప్పింది.

మా దగ్గరున్న 2,000 చీటీ ఎత్తిన డబ్బు. గాజులకని మా ఆవిడ దాచుకుంది. కార్లో గొడవ. "59న్నర ఏళ్లొచ్చేదాకా ముట్టుకోకూడదంటే అది మన డబ్బెట్లా అవుద్ది?" అని. అయినా సోమవారం ఖాతా తెరవడానికి, బ్యాంకు లాంటిదే, క్రెడిట్ యూనియన్‌కి వచ్చింది. కౌంటర్లో అమ్మాయి ఏ సంవత్సరానికి అన్నచోట 2025 అని టైప్ చేసేసింది. నేను చూసుకోలేదు, మా ఆవిడ చూసింది. ఇంగ్లీషు వెతుక్కోకుండా "24, 24" అంటూ అద్దం మీద వేలితో కొట్టింది. దిద్దకపోతే చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. మీరు కూడా పోయిన ఏడాదికని జనవరికీ ఏప్రిల్ గడువుకీ మధ్య వేస్తుంటే ఏ ఏడాదికో నోటితో చెప్పి, రసీదులో చూసుకోండి.

ఇంకో సంగతి. ఇది మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గుతుందంతే, చేతికివ్వరు. మా ఇద్దరికీ కాస్త పన్ను పడింది, అది జీతాల్లోంచి ముందే కోసుకున్నారు గనక రిఫండ్‌గా వెనక్కొచ్చింది. అసలు పన్నే పడనంత తక్కువ జీతగాడికి 50 శాతం అని రాసి చేతిలో సున్నా పెడతారు. ఈ రూలు రాసినవాళ్లెవరూ గంటల లెక్కన జీతం తీసుకుని ఉండరు. 2022లో చట్టం మార్చారు, 2027 నుంచి పన్ను పడకపోయినా 1,000 దాకా ప్రభుత్వమే రిటైర్‌మెంట్ ఖాతాలో వేస్తుందట. ఆ మాత్రం బుద్ధి పుట్టడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఫుల్‌టైమ్ చదువుతూ పార్ట్‌టైమ్ చేసే పిల్లలు మాత్రం ఆశ పెట్టుకోకండి, మీకు రాదు.

రిఫండ్ పడ్డ రోజే మా ఆవిడ 1,200 తీసుకెళ్లి కొత్త చీటీకి కట్టింది. 27 నాకు మిగిలాయి. అప్పుడప్పుడు ఐఆర్‌ఏ ఎంతయిందని అడుగుతుంది. చెప్తాను. వెంటనే ఫోన్ తీసి బంగారం రేటు చదువుతుంది.