గేజు చూసి రాసుకోకుండా ఇంజన్ దింపనివ్వకు

జయపురం (ఒడిశా),
ఆదివారం

చిరంజీవి రాజాకు మావయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నీ టెన్షన్ విన్నాక రాత్రంతా నీ కారే బుర్రలో తిరిగింది. విశాఖలో నెల్లాళ్ళు గేజు, అదే ఆయిల్ మట్టం చూసే పుల్ల, మీద మట్టం కదల్లేదు. సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కి మా ఇంటికొచ్చి వెళ్ళేసరికి ఆయిల్ కింది గీతకి దిగిపోయింది. సర్వీసు వాళ్ళు పిస్టన్ రింగులు పోయాయి, ఇంజన్ దింపాలి అని ఎస్టిమేట్ చేతికిచ్చారు. ఇంతేకదా? అయితే దింపనివ్వకు. ముందు ఇది చదువు.

నీ ఆఫీసు ఇంటికి మూడు కిలోమీటర్లు. ఆ కాస్త దూరానికి ఇంజన్ సరిగ్గా వేడెక్కదు. కాలని పెట్రోల్ కొంచెం రింగుల పక్కనుంచి జారి చాంబర్లో, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఆయిల్‌తో కలుస్తుంది. అంటే ఒకవైపు ఆయిల్ తగ్గుతుంటే, ఇంకోవైపు పెట్రోల్ ఆ ఖాళీ నింపుతోంది. గేజు మీద అంతా బాగున్నట్టే కనబడుతుంది. అలాంటి బండిని రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు ఆపకుండా తోలితే ఆయిల్ బాగా కాగి ఆ పెట్రోల్ ఆవిరైపోతుంది. నెల్లాళ్ళ తగ్గుదల ఒక్కరోజులో బయటపడుతుంది. నీకు జరిగింది ఇదేనని నా అనుమానం.

అసలు ఆయిల్ తాగని ఇంజన్ లేదురా. పిస్టన్ కింది రింగు సిలిండర్ గోడమీది ఆయిల్‌ని గీకి చాంబర్‌కి పంపుతుంది. మొత్తం గీకేస్తే గోడ ఎండి రింగే అరిగిపోతుంది కాబట్టి పల్చటి పొర మిగలాలి. ఆ పొరే కాస్త కాస్త కాలిపోతూ ఉంటుంది. స్పీడ్ కార్లలో ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఎక్కువ, వేడి ఎక్కువ, ఆ వేడికి పిస్టన్ ఉబ్బడానికి చోటు కూడా కాస్త ఎక్కువే వదులుతారు. అందుకే ఆడి, స్కోడా పుస్తకాల్లో వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా ఖర్చు కావచ్చని రాసి ఉంటుంది. పాత పోర్షే 911 పుస్తకాల్లో ఏకంగా లీటరున్నర. మాజ్దా ఆర్‌ఎక్స్-8లో పిస్టన్ బదులు రోటర్ తిరిగే రోటరీ ఇంజన్‌కైతే, లోపలి సీళ్ళు అరగకుండా పంపు పెట్టి మరీ ఆయిల్ పంపిస్తారు, అది కాలిపోతుంది. రాజ్‌దూత్‌కి పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోసిన మాకు ఇది వింతేం కాదు.

మన రిపేరు షెడ్డులో ఒడియా కుర్రాళ్ళు ‘తెలొ ఖాఉచి’ అంటారు, మనం ఆయిల్ తాగుతోంది అంటాం. రెండు భాషల్లోనూ అది తిండి సంగతే. ఎంత తింటోందో తెలియకుండా రోగం పేరు పెడితే ఎలా?

కొలవడం ఇలా. బండి సమంగా ఉన్న నేలమీద నిలబెట్టు, మీ అపార్ట్‌మెంట్ ర్యాంపు మీద కాదు. ఇంజన్ వేడిగా ఉండాలి, ఆపి పది నిమిషాలు ఆగు. గేజు తీసి తుడువు, మళ్ళీ పూర్తిగా దించి తీసి చూడు. పై గీత దాకా నింపి కిలోమీటర్లు రాసుకో. 41,200 దగ్గర నింపావనుకుందాం. 42,600 దగ్గర మళ్ళీ పై గీతకి రావడానికి 350 మిల్లీలీటర్లు పట్టాయి. అంటే వెయ్యికి 250. అది జబ్బు కాదు. ఇలా మూడుసార్లు రాయి. అంకె ఒకేచోట నిలబడితే నిశ్చింత, ప్రతిసారీ పెరుగుతుంటే అప్పుడు నాకు ఫోన్ చెయ్యి. పై గీత దాటి మాత్రం పొయ్యకు. పిస్టన్లు తిప్పే క్రాంకు ఇరుసు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, ఆ నురగ బ్రీదర్ (ఇంజన్ అడుగు ఆవిర్లను తిరిగి లోపలికి లాగే గొట్టం) గుండా వెళ్ళి కాలుతుంది.

పొగ సంగతి కూడా చూడాలి. కోరాపుట్ నుంచి జయపురం ఘాటీ దిగేటప్పుడు చిన్న గేర్లో, యాక్సిలరేటర్ వదిలేసి వస్తావు కదా. అప్పుడు ఇంజన్ లోపలికి గట్టిగా పీల్చుకుంటుంది. వాల్వ్‌ల దగ్గర ఆయిల్‌ని ఆపే రబ్బరు సీళ్ళు ఎండిపోయి ఉంటే ఆయిల్ అక్కణ్ణించి దిగుతుంది. కింద చదునుకొచ్చి కాలు నొక్కగానే వెనక నీలిపొగ బుస్సుమంటుంది. వెనక బండిలో ఎవరినైనా పెట్టుకుని చూడమను, అద్దంలో నీకు కనబడదు. ఎక్కుడులో కాలు నొక్కి ఉన్నంతసేపూ పొగ ఆగకపోతే అప్పుడు రింగుల మీదో, ఇంజన్లోకి గాలిని గట్టిగా తోసే టర్బో మీదో అనుమానం. పొగ లేదని ధీమా కూడా వద్దు. కొంచెంగా కాలే ఆయిల్‌ని ఈకాలం కార్లలో పొగగొట్టంలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ కనబడనివ్వదు.

నా తప్పొకటి చెప్తాను. ఓ కాంట్రాక్టర్ గారి టర్బో కారు ఆయిల్ తాగుతోందని వస్తే, పొగ చూసి నేనే ఇంజన్ దింపాను. రింగులు మార్చి బిగించాను. వారానికే మళ్ళీ అదే పొగ. అప్పుడు, ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ మూత తీయబోతే రాలేదు, లోపల్నించి ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు! బ్రీదర్ వాల్వ్‌లో అరచేతి కన్నా చిన్న రబ్బరు పొర చిరిగి, ఆయిల్‌ని ఇంజన్ అక్కణ్ణించి పీల్చేసుకుంటోంది, అంతే. రింగుల డబ్బు ఆయనకి తిరిగిచ్చాను, మీ అత్త ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. నీ బండికి ముందు ఆ మూత తీసి చూడమను, ఈల లాంటి శబ్దం వస్తోందేమో విను.

చిక్కటి 20డబ్ల్యూ-50 (ఆయిల్ చిక్కదనం నంబరు) పోస్తే తాగడం ఆగుతుందని అక్కడెవరో చెప్పే ఉంటారు. వినకు. నీ బండిలో ఉన్న టర్బో షాఫ్టు నిమిషానికి లక్షసార్లకు పైగా తిరుగుతుంది, దాని సన్నటి దారుల్లోకి ఆయిల్ వెంటనే చేరాలి. కొన్ని పాత బీఎండబ్ల్యూ ఎం కార్లకు 10డబ్ల్యూ-60 పోస్తారన్నది నిజమే, కానీ అది ఆ ఇంజన్ల కోసం కంపెనీయే చెప్పిన ఆయిల్. నీ బండి పుస్తకంలో ఏ నంబరుంటే అదే కొను, ఒక లీటరు డబ్బా ఎప్పుడూ డిక్కీలో ఉంచు. పసుపు లైటు వెలిగితే ఆగి పోసుకో. ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే మాత్రం ఘాటీ మధ్యలో ఉన్నా పక్కకి తీసి ఇంజన్ ఆపెయ్యాలి, పొట్టంగి దాకా పోదాంలే అనుకోవద్దు. చాలా ఇంజన్లు పోయేది ఆయిల్ తాగి కాదు, ఎండిపోయి.

వచ్చే నెల వచ్చేటప్పుడు ఆ అంకెల పుస్తకం పట్టుకురా. ఎస్టిమేట్ కాగితం కూడా తీసుకురా, చూడాలని ఉంది.

మీ
మావయ్య