ఈ ఏడాది తెలుగులో ఏం చదవాలి, ప్లాన్ ఎలా వేసుకోవాలి?

మీది నిజామాబాద్ అనీ, ఉద్యోగం బెంగళూరులో అనీ, ప్రతి జనవరిలో పది పుస్తకాల లిస్టు రాసుకుని రెండోదాని మధ్యలోనే వదిలేస్తున్నాననీ రాశారు. నాదీ కొన్నేళ్లు అదే కథ.

2018లో నేను ఏకంగా ఇరవై నాలుగు రాసుకున్నాను. చదివితే ముందు పెద్దదే చదవాలన్న పంతంతో విశ్వనాథ 'వేయిపడగలు' పట్టుకున్నాను. ఉగాది వచ్చింది, నేనింకా ఆ నవల జరిగే సుబ్బన్నపేట పొలిమేర దాటలేదు. తప్పు పుస్తకానిది కాదు. కాలేజీ వదిలాక ఒక చిన్న కథ కూడా చదవనివాణ్ణి పోయి పోయి దాని మీద పడ్డాను. అది కదలదు, ఇంకోటి మొదలుపెట్టాలంటే మనసొప్పదు. మిగతా ఇరవై మూడూ కాగితం మీదే ఉండిపోయాయి.

మా టీమ్‌లో జనగామ అమ్మాయి ఒకతె ఉండేది. లంచ్ టైములో ఈ గొడవంతా విని, "మీ చిత్తూరోళ్లు రాసినవి ఏమన్నుంటే నాకియ్యి, మా దిక్కువి నేనిస్త" అంది. నేను నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'సినబ్బ కథలు' ఇచ్చాను. తను దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' తెచ్చింది. నిజాం కాలపు తెలంగాణ పల్లె, గడీ, దొర. 'ఆడబాప' అన్న మాట నేను మొదటిసారి చూసింది అందులోనే. అర్థం తననే అడిగాను. దొర కూతురి పెళ్లప్పుడు ఆమెతో పాటు పంపే దాసీ పిల్ల అని చెప్పింది. ఆ రోజు టీ చల్లారిపోయింది. నా పుస్తకంలో 'ఉండాడు' లాంటి మాటలు ఎలా పలకాలో తను నా చేత చదివించుకునేది, పగలబడి నవ్వేది. నేను 'చిల్లర దేవుళ్లు' ఎనిమిది రోజుల్లో పూర్తి చేశాను. రేపు లంచ్‌లో అడుగుతుంది కదా అన్న టెన్షన్ ముందు ఏ లిస్టూ పనికిరాదు!

తర్వాత మదనపల్లెలో ఉన్న మా పిన్ని ఫోన్లో మాతో కలిసింది. రిటైరైన టీచరు. అప్పటినుంచి ముగ్గురం వంతులవారీగా నెలకో పుస్తకం చెప్పుకుంటున్నాం. ఎందుకు చదవమంటున్నామో ఒక్క మాటలో చెప్పాలి. యాభై పేజీలు చదివినా పట్టకపోతే వదిలేయొచ్చు, కానీ ఎందుకు పట్టలేదో చెప్పాలి. నిజానికి వదిలేసిన వాటి మీదే ఎక్కువసేపు మాట్లాడుకున్నాం.

నేను మెట్రోలో పోతూ వస్తూ రోజుకు పన్నెండు పేజీలు చదువుతాను. అంటే నెలకు మూడు వందల అరవై. అందుకే ఒక లావు పుస్తకం తర్వాత రెండు సన్నవి పెట్టుకుంటాను. అసలు టైమే లేని నెలలో కథలు చదువుతాను. కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం సేకరించిన కథలు నెట్‌లో ఉన్నాయి, రాత్రికి ఒకటి చాలు.

లిస్టుల్లో బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' తప్పకుండా కనిపిస్తుంది. నాకు చాలా ఇష్టం. కానీ మొదటి పుస్తకంగా మాత్రం వద్దంటాను. కథానాయకుడు దయానిధితో పాటు మనమూ తీరిగ్గా కూర్చుని ఆలోచించాలి, ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి చదివేది కాదు. మా పిన్ని దీనికి ఒప్పుకోదు. "పద్దెనిమిదేళ్లప్పుడు చదవాల్సిందిరా అది, నువ్వు లేటు" అంటుంది.

కొనడం గురించి ఒక మాట. తెలుగు పుస్తకాలు తక్కువ కాపీలే వేస్తారు, అయిపోతే మళ్లీ ఎప్పుడు వేస్తారో తెలియదు. కనిపించినప్పుడే కొనేయండి. డిసెంబరులో ఇంటికి వస్తే హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో అయితే విజయవాడ పుస్తక మహోత్సవం చూడండి. పాతవాటి కోసం ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లు తిరగండి. అప్పు మాత్రం ఇవ్వకండి. నా 'అసమర్థుని జీవయాత్ర' 2020లో వెళ్లింది, ఇంకా యాత్రలోనే ఉంది.

ఇక మీరు మొదట చదవాల్సింది డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. ఆయన పుట్టింది మా చిత్తూరు జిల్లాలో, డాక్టరుగా కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ గడిపింది మీ నిజామాబాద్ జిల్లాలో. చిన్న నవల, ఒక శనివారం చాలు. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు అడవిలోకి పోతాడు, కథంతా ఒక్క రాత్రి. పేరులో 'జయించాడు' అని ఉంది గానీ, ఆ ముసలివాడు నిజంగా గెలిచాడా అన్నదాని మీద మా ముగ్గురికీ ఇప్పటికీ పేచీయే. పిన్నిదీ నాదీ ఒక పక్షం, జనగామ అమ్మాయిది ఒక పక్షం. చదివాక మీరెటో ఈ జవాబు కిందే రాయండి.