పిల్లల పుస్తకాల మీద పి.జి. అంటే రెండేళ్లూ కథలు చదువుకోవడమేనా?

మీరు అడిగినవి మూడు. ఎనిమిదేళ్లు చిన్న తరగతులకు పాఠాలు చెప్పిన అనుభవం బాలసాహిత్యంలో పి.జి.కి పనికొస్తుందా, చదువంతా కథలు చదవడమేనా, సొంతంగా రాసుకునేవాళ్లకు దీనివల్ల ఏమైనా ఒరుగుతుందా అని. నేను ఇదే చదివాను, ఇప్పుడు పిల్లల పుస్తకాలకు ఎడిటర్‌గా పనిచేస్తున్నాను. కాబట్టి నా సంగతే చెబుతాను.

మొదటి ప్రశ్నకు నా జవాబు మీకు రుచించకపోవచ్చు. పిల్లలతో గడిపిన అనుభవం మొదట్లో అడ్డమే. పి.జి.లో చేరకముందు నాలుగేళ్లు ఒక లైబ్రరీలో శనివారాలు కథలు చదివి వినిపించేదాన్ని. ఆ ధీమాతో మొదటి సెమిస్టర్‌లో ఒక బొమ్మల పుస్తకం మీద పేపర్ రాశాను. 'ఈ ఘట్టం పిల్లలకు నచ్చుతుంది', 'ఇక్కడ పిల్లలు భయపడతారు', 'పిల్లలకు ఇలాంటి ముగింపే కావాలి'. పేపర్ వెనక్కి వచ్చేసరికి 'పిల్లలు' అన్న మాట ఉన్న ప్రతిచోటా ఎర్ర సున్నా, పక్కన రెండే రెండు మాటలు: 'ఏ పిల్లలు?' లెక్కపెట్టాను, పదకొండు సున్నాలు. ఒళ్లు మండిపోయింది. నాలుగేళ్లు వాళ్ల మధ్య కూర్చున్నదాన్ని పట్టుకుని ఏ పిల్లలు అంటారా అని. కోపం చల్లారాక తట్టింది. నేనెరిగింది శనివారం వచ్చే ముప్పై మందిని. పేపర్లో పుచ్చుకున్నది లోకంలోని పిల్లలందరి వకాల్తా.

ఈ సబ్జెక్టులో అసలు కిటుకు అదే. చదవాల్సింది పిల్లల గురించి కన్నా పెద్దవాళ్ల గురించి. రాసేది, బొమ్మలు వేసేది, అచ్చువేసేది, కొనేది, బహుమతులిచ్చేది, ఫలానా పుస్తకం బడిలో ఉండకూడదని గొడవ చేసేది, దాదాపు అన్నిచోట్లా పెద్దవాళ్లే. 1984లో జాక్వెలిన్ రోజ్ అనే విమర్శకురాలు, ఎప్పటికీ పెద్దవాడు కాని పిల్లవాడు పీటర్ పాన్ కథను పట్టుకుని, అసలు పిల్లల కోసం కల్పనాసాహిత్యం అనేదే అసాధ్యం అని వాదించింది. పుస్తకంలో కనిపించే పిల్లవాడు పెద్దలు కోరుకునే పిల్లవాడే తప్ప చదివే పిల్లవాడు కాదంటుంది. ఆ తర్వాత ఈ రంగంలో చాలామంది ఆ మాటను ఒప్పుకుంటూనో, దానితో పోట్లాడుతూనో రాశారు. పెద్దరికాన్ని కొలబద్దగా పెట్టుకుని బాల్యాన్ని కొరతగా చూడడానికి మరియా నికొలాయెవా అనే పరిశోధకురాలు 'ఈటోనార్మటివిటీ' అని ఒక పేరే పెట్టింది. నోరు తిరగడానికి నాకు వారం పట్టింది. మారా గుబార్ అనే మరో పరిశోధకురాలు 2013లో కాస్త బ్రేకు వేసింది: పిల్లలూ పెద్దలూ వేరే జాతులేం కారు, చుట్టాలే, తేడాలతో పాటు పోలికలూ చూడండి అని. నేను గుబార్ పక్షం. అయినా ముందు రోజ్‌ను చదవండి. చిరాకు వస్తుంది, రావాలి కూడా.

రెండో ప్రశ్న. కథలు చదువుతాం, కానీ ఒకే కథను పదిసార్లు. జర్మనీకి చెందిన గ్రిమ్ సోదరుల జానపద కథల సంపుటి 1812 నుంచి 1857 దాకా ఏడు కూర్పులు వచ్చింది. నాకు జర్మన్ రాదు. 2014లో జాక్ జైప్స్ చేసిన మొదటి కూర్పు ఇంగ్లీషు అనువాదాన్ని ఒక పక్కనా, చివరి కూర్పు అనువాదాన్ని ఇంకో పక్కనా పెట్టుకుని ఒక టర్మ్ అంతా కూర్చున్నాను. రపుంజెల్ గోపురంలో బందీగా ఉన్న అమ్మాయి, ఒక రాజకుమారుడు దొంగచాటుగా వచ్చిపోతుంటాడు. మొదటి దాంట్లో ఆమె అమాయకంగా, నా బట్టలు ఎందుకిలా బిగుతైపోతున్నాయి అని తనను బంధించిన ఫెయిరీని, అంటే మాయలు తెలిసిన స్త్రీని, అడుగుతుంది. గర్భం సంగతి అలా బయటపడుతుంది. చివరి కూర్పులో బట్టల ఊసే లేదు. ఆ ఫెయిరీ ఇక్కడ మంత్రగత్తె అయింది. ఆమెను జడతో గోపురం పైకి లాగుతుంటే, రాజకుమారుడి కన్నా నువ్వే బరువుగా ఉన్నావేమిటి అని నోరు జారుతుంది. హాన్సెల్, గ్రెటెల్ అనే అన్నాచెల్లెళ్లను అడవిలో వదిలేద్దామన్నది మొదట కన్నతల్లే. 1840 కూర్పుకు సవతితల్లి అయింది. తల్లి పేరు చెడకూడదు మరి! ఇదంతా పసిమనసుల కోసం అనుకుంటే మరి సిండ్రెల్లా? పావురాలు సవతి అక్కల కళ్లు పొడిచేసే దృశ్యం 1812లో లేదు, 1819లో కలిపారు. కడుపు రావడం పిల్లల కంట పడకూడదు, కళ్లు పీకడం పడొచ్చు. ఏది పిల్లలకు తగదో ఆ కాలపు పెద్దలు ఎలా తేల్చారు? నాకు ఈ చదువు రుచి తెలిసింది అక్కడే.

బొమ్మల పుస్తకాల పేపర్ ఉంటే వదలకండి. చాలావాటికి 32 పేజీలే ఎందుకుంటాయో మీరెప్పుడైనా ఆలోచించారా? పెద్ద కాగితాన్ని మడిస్తే 16 పేజీలు, అలాంటివి రెండు. టైటిల్ పేజీ వగైరా పోను కథకు మిగిలేది పన్నెండు, పద్నాలుగు జంట పేజీలు. ఉత్కంఠంతా కుడి పేజీ చివర, పేజీ తిప్పే వేలి దగ్గర ఉంటుంది. 1968లో వచ్చిన పాట్ హచిన్స్ 'రోజీస్ వాక్'లో మాటల్లో ఒక కోడిపెట్ట షికారు తప్ప ఏమీ లేదు. వెంటపడే నక్క బొమ్మల్లోనే ఉంది. అక్షరాలు రాని పిల్లవాడికి నక్క కనిపిస్తుంది, చదివి వినిపించే పెద్దమనిషి నోట దాని మాటే రాదు.

ఇక చేరే ముందు ఒకటి చూసుకోవాలి, నాకెవరూ చెప్పలేదు. కోర్సు ఏ శాఖలో ఉంది? పేరు ఒకటే అయినా సాహిత్య శాఖలో అయితే చరిత్ర, సిద్ధాంతాలు. ఎడ్యుకేషన్ శాఖలో అయితే చదవడం నేర్పడం, తరగతి గది. లైబ్రరీ సైన్స్‌లో అయితే పుస్తకాల ఎంపిక, సేకరణ. తప్పనిసరి పేపర్లు ఏవో, గత రెండు మూడేళ్లలో విద్యార్థులు ఏ అంశాల మీద డిసర్టేషన్ చేశారో అడిగి తెప్పించుకోండి. బ్రోషర్ కన్నా ఆ పేర్లే నిజం చెబుతాయి.

మీ తరగతి పిల్లలతోనే పరిశోధన చేయాలని ఉందన్నారు. చేయొచ్చు, కానీ ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవాళ్లకు హాని జరగకుండా చూసే కమిటీ) అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు, పైగా పిల్లల ఒప్పుదల కూడా కావాలి. నా బ్యాచ్‌లో ఒకమ్మాయికి అనుమతి వచ్చేసరికి స్కూలు సెలవులు వచ్చేశాయి. పాపం, అంశమే మార్చుకుంది. ఆ తోవలో పోయేట్టయితే చేరిన నెలలోనే దరఖాస్తు పెట్టండి. లేదంటే పుస్తకాలతో సరిపెట్టుకోండి, వాటికి కొదవ లేదు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం బాల్డ్విన్ లైబ్రరీ పాత పిల్లల పుస్తకాలను వేలల్లో స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక యెల్లా లెప్‌మన్ 1949లో మ్యూనిక్‌లో నెలకొల్పిన ఇంటర్నేషనల్ యూత్ లైబ్రరీ, అక్కడికి వచ్చి పనిచేసే పరిశోధకులకు ఫెలోషిప్పులూ ఇస్తుంది.

ఉద్యోగం సంగతి రెండు ముక్కల్లో: ఈ డిగ్రీ చూసి పిలిచి ఇవ్వరు. ఉన్న పనికి ఇది తోడైతే, అంటే మీలాగా టీచరో, లైబ్రేరియనో, అనువాదకులో అయితే, విలువ పెరుగుతుంది.

రాయడం గురించి. చదివిన రెండేళ్లూ ఒక్క కథ కూడా రాయలేకపోయాను. కలం పట్టుకుంటే చాలు, ఎర్ర సున్నాలు కనిపించేవి. తర్వాత రాయడం మొదలైంది కానీ ఒక తేడా వచ్చింది. ఇప్పుడు రాసేటప్పుడు నా కళ్లముందు 'పిల్లలు' ఉండరు. శనివారాల్లో వెనక వరుసలో గోడకు ఆనుకుని కూర్చుని, కథ అయ్యేదాకా నావైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూసే ఒక పిల్ల ఉంటుంది. ఆ పిల్ల నా కథలు విన్నదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.