కిటుకు తెలియకుండా పాతకాలపు రహస్య లిపులను ఎలా ఛేదించేవారు?

అక్షరాలను లెక్కపెట్టి! వినడానికి తేలిగ్గా ఉన్నా, ఈ ఉపాయం తట్టడానికి వందల ఏళ్లు పట్టింది.

రోమన్ సేనాని జూలియస్ సీజర్ తన ఉత్తరాల్లో ప్రతి అక్షరానికి బదులు మూడు స్థానాల తర్వాతి అక్షరం రాసేవాడు. ఇంగ్లిష్‌లో అయితే ‘క్యాట్’ అనే మాటలోని సి, ఏ, టి కాస్తా ఎఫ్, డి, డబ్ల్యూ అయిపోతాయి. దీన్ని విప్పడం కష్టం కాదు. 26 అక్షరాలను జరపగలిగే తీరులు 25 మాత్రమే, ఒక్కొక్కటీ వేసి చూస్తే సరి. ఒక్కో అక్షరానికి బదులు వరుస లేకుండా ఏదో ఒక అక్షరం పెట్టేస్తేనే అసలు చిక్కు.

ఆ చిక్కుముడికి 9వ శతాబ్దంలో బాగ్దాద్ పండితుడు అల్ కిందీ దారి చూపాడు. ఏ భాషలోనైనా కొన్ని అక్షరాలు మాటిమాటికీ వస్తాయి, కొన్ని అరుదుగా వస్తాయి. ఇంగ్లిష్‌లో అన్నిటికంటే ఎక్కువ వచ్చేది ‘ఈ’. కాబట్టి రహస్య సందేశంలో ఎక్కువసార్లు కనిపించే గుర్తు బహుశా అదే. వేషం మార్చినా నడక మారదు కదా! నాకైతే ఇది ఎంతో అందమైన ఆలోచన.

ఇంగ్లండ్‌లో బందీగా ఉన్న స్కాట్లండ్ మాజీ రాణి మేరీ ఉత్తరాలు 1586లో బీరు పీపాల్లో దాగి రహస్యంగా వెళ్లేవి. అక్షరాలకే కాక కొన్ని మాటలకూ విడి గుర్తులు పెట్టారు, అర్థంలేని ఉత్తుత్తి గుర్తులు కూడా కలిపారు. అయినా ఇంగ్లండ్ ప్రభుత్వం తరఫున రహస్య లిపులు విప్పే థామస్ ఫెలిప్స్ వాటిని చదివేశాడు. ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్‌ను చంపే కుట్ర బయటపడింది, 1587 ఫిబ్రవరిలో మేరీ తల తీసేశారు.

మీరూ ప్రయత్నిస్తే పెద్ద పేరా తీసుకోండి. రెండు మూడు మాటల సందేశంలో ఈ లెక్క సరిగా తేలదు.